చిన్న తూటా, దూరపు గురి

సికింద్రాబాదును పాతకాలపు వారు నేటికీ లష్కరు అనియే పిలుతురు. ఆషాఢమాసంలో ఉజ్జయిని మహంకాళికి సమర్పించే బోనాలకు కూడ లష్కర్ బోనాలనియే పేరు. లష్కరు అనగా దండు. నిజాం అలీఖాను 1798లో ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సంధి ప్రకారం కంపెనీ పటాలాలు వచ్చి హుసేన్‌సాగరుకు ఉత్తరాన విడిసినవి. 1806లో ఆ దండుకు మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టబడినది. నాటి గుడారాలే నేటి నగరమైనవి. తిరుమలగిరి, బొల్లారం అనే పేర్లు ఈనాటికీ సైన్యంతోనే ముడిపడి ఉన్నవి.

దండు ఉన్నచోట చాంద్‌మారీ ఉండును. వెనుక మట్టికట్టగాని గుట్టగాని, దాని ముందు వరుసగా గురిపలకలు, వాటికి ఎదురుగా సిపాయిలు పండుకొని కాల్చే మిట్ట: ఇంతే దాని సరంజామా. అయితే ఈ సులువైన సరంజామాలో ఒక గట్టి శాస్త్ర సమస్య దాగి ఉన్నది. గొట్టం నుండి వెలువడిన గుండు పలకను చేరేలోపల గాలి దానిని ఏమి చేయును? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన చరిత్రలో పెద్ద ఫిరంగులకు ఎంత చోటున్నదో, చిటికెనవ్రేలి గోరుకంటె సన్నని ఒక తూటాకు కూడ అంత చోటున్నది. ఆ చిన్న తూటాకే ఇంగ్లీషువారు రిమ్‌ఫైర్ అని పేరు పెట్టిరి. తెలుగులో దీనిని అంచు తూటా అనవచ్చును.

ప్రశ్నను మొదట సరిగా అడిగినవాడు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో 1707లో పుట్టిన ఈ గణితజ్ఞుడు 1742లో ఫిరంగి శాస్త్రాన్ని గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించెను. గుండు వేగాన్ని కొలుచుటకు ఆయన కనిపెట్టిన ఉపాయం బహు సరళమైనది. ఒక బరువైన కొయ్యదిమ్మెను లోలకం వలె వ్రేలాడగట్టి దానిలోనికి గుండును కాల్చెను. దిమ్మె ఎంత ఊగినదో చూచి, గుండు బరువునుబట్టి వేగాన్ని లెక్కకట్టెను. దిమ్మెను దగ్గర ఒకసారి, దూరాన ఒకసారి పెట్టి చూడగా గాలి గుండు వేగాన్ని ఎంత తినివేయుచున్నదో తెలిసిపోయినది. అంతవరకు పండితులు గాలి అడ్డును లెక్కకు రానంత స్వల్పమని తలచుచుండిరి. రాబిన్స్ కొలతలు ఆ భ్రమను పోగొట్టినవి. అంతేకాదు, గుండు వేగం ధ్వని వేగాన్ని సమీపించినపుడు గాలి అడ్డు హఠాత్తుగా పెరుగుచున్నదని కూడ ఆయన గుర్తించెను. ఆయిలరు వంటి మహాగణితజ్ఞుడు ఈ పుస్తకాన్ని 1745లో జర్మను భాషలోనికి తెచ్చి దానిపై పెద్ద వ్యాఖ్య వ్రాసెను.

రాబిన్స్ కథ ముగిసినది మన దక్షిణదేశంలోనే. కంపెనీవారు ఆయనను తమ కోటలు బాగుచేయుటకు ఇంజనీరుగా నియమించి మద్రాసు తీరానికి పంపిరి. కడలూరు వద్ద సెంట్ డేవిడ్ కోటలో 1751లో ఆయన జ్వరంతో మరణించెను. తరువాత అర్ధశతాబ్దానికి సికింద్రాబాదులో విడిసిన పటాలాలు ఆ మద్రాసు కంపెనీ సైన్యానికి చెందినవే.

ఇక అంచు తూటా పుట్టుకకు వత్తము. పాదరసపు ఫల్మినేటు అనే పదార్థం దెబ్బ తగిలితే చాలు, ప్రేలును. ఎడ్వర్డు హోవర్డు దానిని 1800లో లోకానికి వెల్లడించెను. 1845లో పారిస్‌లో లూయీ నికొలాస్ ఫ్లోబేర్ అనే తుపాకుల పనివాడు ఆ మందు ఉన్న చిన్న రాగి టోపీ మూతికి ఒక సీసపు గుండును బిగించెను. అందులో వేరే తుపాకిమందు లేనే లేదు. ప్రేలుడు మందు విసురుకే గుండు ఎగిరిపోవును. శ్రీమంతులు భోజనానంతరం చావడిలో వినోదానికి కాల్చుకొనే ఆటవస్తువది. అమెరికాలో స్మిత్, వెసన్ అనే ఇద్దరు 1857లో డొల్లను కొంచెం పొడిగించి కొద్దిపాటి నల్లమందు పోసి, అంగుళంలో నూటికి ఇరువదిరెండు వంతుల వ్యాసంగల తూటాను అమ్మకానికి పెట్టిరి. దీనినే పాయింట్ 22 అందురు. మన కొలతలో 5.6 మిల్లీమీటర్లు.

దీని లోపలి అమరిక తెలిసికొనదగినది. తూటా డొల్ల అడుగున చుట్టూ ఒక అంచు ఉండును. ఆ అంచు లోపల బోలుగా ఉండును. తడి ప్రేలుడు మందును చుక్కంత వేసి డొల్లను గిరగిర త్రిప్పినచో, కవ్వం చిలికినపుడు మజ్జిగ కుండ అంచుకు ఎగబ్రాకినట్లు, మందు ఆ బోలు అంచులోనికి చేరును. మీట నొక్కగానే తుపాకిలోని సూది అంచును ఒకచోట నలుగగొట్టును. మందు ప్రేలి లోపలి తుపాకిమందు అంటుకొనును. సూది దెబ్బకు నలుగవలెనన్నచో అంచు పలుచగా ఉండితీరవలెను. పలుచని అంచు హెచ్చు ఒత్తిడికి ఓర్వదు. అందుచేత ఈ పద్ధతితో చేసిన పెద్ద తూటాలు ఒకదాని వెంట ఒకటి మూలపడినవి. మందుగింజ అడుగున నడిమధ్య ఉండే తూటాలు వాటి స్థానాన్ని ఆక్రమించినవి. చిన్నది మాత్రం చిన్నదగుటచేతనే బ్రతికిపోయినది. 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీవారు దాని చివరి రూపం తయారుచేసిరి. గుండు బరువు 2.6 గ్రాములు. నేటి తూటాలో ఉండే మందు గ్రాములో పదవ వంతుకంటె తక్కువ. పెరటితోటలో పక్షులను తోలేవారు మొదలుకొని ఒలింపిక్ వీరులవరకు అందరూ ఈనాటికీ వాడుచున్నది ఆ తూటానే.

అదే 1887 ప్రాంతంలో ప్రాగ్ నగరానికి చెందిన ఎర్నెస్టు మాక్ అనే భౌతికజ్ఞుడు, సాల్చర్ అనే సహచరునితో కలిసి, ఎగిరే గుండును ఛాయాచిత్రం తీసెను. ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు ముందు, పడవ ముందు నీటి అల వలె, గాలిలో ఒక అల చీలి కనిపించినది. రాబిన్స్ లోలకంతో ఊహించినది పలకపై బొమ్మగా తేలినది. ఆ రెండు పనులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కాని చిన్న తూటా గుణదోషాలన్నీ మాక్ చూపిన ఆ అల వద్దనే తేలవలసి వచ్చినది.

ఆటవస్తువు అభ్యాస సాధనమైనది యుద్ధం వలన. 1899 నుండి 1902 వరకు దక్షిణాఫ్రికాలో బోయరు రైతులు దూరాన నక్కి గురి తప్పకుండ కాల్చుచుండగా బ్రిటిషు సైన్యం చాల నష్టపడినది. అక్కడ సేనాధిపత్యం వహించిన వారిలో లార్డ్ రాబర్ట్స్ ఒకడు. ఈయన 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండెను. సికింద్రాబాదు ఆ సైన్యపు పెద్ద దండులలో ఒకటి. సిపాయిలకు గురి నేర్పవలెననే పట్టుదల ఆయనకు అప్పటినుండియే ఉండినది. కూలీనాలీ చేసికొనేవారికి కూడ తుపాకి గురి రావలెనని 1901లో ఇంగ్లండులో ఒక సంఘం ఏర్పడగా ఆయన దానికి అండగా నిలిచెను. వేయి గజాల మైదానాలు ఊరూరా దొరకవు. పెద్ద తూటా వెల ఎక్కువ. పాయింట్ 22కు పాతిక గజాల చావడి చాలును. వెల కాణీ పరకతో పోవును. ఆ సంఘం క్లబ్బులు వందలకొలది వెలసినవి. అసలు తుపాకి గొట్టంలో సన్నని గొట్టం దూర్చి చిన్న తూటా కాల్చే మోరిస్ అనే ఆయన ఉపాయం అంతకుముందే సైన్యంలో ఉండినది. క్రమంగా సైనిక రైఫిళ్లనే పాయింట్ 22కు మార్చి నేర్పు పద్ధతి వచ్చినది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. దగ్గర గురి కొరకు తెచ్చిన తూటాను మనుషులు దగ్గరనే ఉంచలేదు. 1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో దానితో 50, 100 గజాల పోటీ పెట్టిరి. 1909లో డ్యూవర్ అనే ఆయన ఒక కప్పు ఇచ్చెను. దానికొరకు ఒక్కొక్క దేశంవారు తమ దేశంలోనే 50, 100 గజాలకు కాల్చి, ఫలితాలను ఒకరికొకరు తెలియపరచుకొందురు. ఓడ ఎక్కకుండ సముద్రాంతర పోటీ జరుగుట అదొక వింత. తరువాత 200 గజాలకు పోయిరి. మన కాలంలో 300 గజాలు, అంతకు మించి కూడ పోవుచున్నారు. 2017లో అమెరికాలో ఈ చిన్న తూటాకే ప్రత్యేకంగా ఒక పోటీల వరుస ఆరంభమైనది.

దూరం పెరిగినకొలది ఈ తూటా పడే పాట్లు ఎట్టివో అంకెలలో చూడవలెను. పోటీ తూటా గొట్టం విడిచేటపుడు దాని వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. గొట్టంలోని మెలిపడిన గాడులు దానిని పదహారు అంగుళాలకు ఒక చుట్టు త్రిప్పును. అనగా సెకనుకు సుమారు 800 చుట్లు. బొంగరం వలె తిరుగుటచేతనే అది తలక్రిందులు కాకుండ పోవును. గొట్టపు గీత నుండి చూచినచో 50 మీటర్లు పోవులోపల గుండు 12 సెంటీమీటర్లు జారును. 100 మీటర్లకు అర మీటరు, 200 మీటర్లకు రెండు మీటర్లకు పైగా, 300 మీటర్లకు ఐదు మీటర్లకు మించి జారును. దూరం రెట్టింపైనపుడు జారుడు నాలుగు రెట్లకు పైబడుచున్నదని గమనించవలెను. గుండు 300 గజాలు చేరవలెనన్నచో గొట్టాన్ని సుమారు ఒక డిగ్రీ ఎత్తవలెను. పాత సైనిక రైఫిలు వేయి గజాల గురికి ఎత్తవలసిన కోణం కూడ దాని దరిదాపులలోనిదే. చిన్న తూటా దూరపు గురికి పెద్ద తూటా కంటె మంచి గురువు అయినది ఇందువలననే. వేయి గజాల మైదానంలో నేర్చుకొనవలసిన పాఠం మూడు వందల గజాలలో, స్వల్ప వ్యయంతో ముగియును.

జారుడు లెక్కకు లొంగును. లొంగనిది గాలి. అడ్డంగా వీచే గాలి గుండును ఎంత ప్రక్కకు నెట్టునో చెప్పుటకు ఒక చక్కని సూత్రం ఉన్నది. గాలి అడ్డు బొత్తిగా లేకున్న గుండు గురిని చేరుటకు ఎంత కాలం పట్టునో లెక్కకట్టి, నిజంగా పట్టిన కాలం నుండి దానిని తీసివేయవలెను. మిగిలిన ఆలస్యాన్ని గాలి వేగంతో గుణించినచో ప్రక్కజరుగుడు తేలును. గంటకు పది కిలోమీటర్ల గాలి అనగా చెట్ల ఆకులు గలగలలాడేటంతటిది. ఆ గాలికి పోటీ తూటా 100 మీటర్లలో సుమారు ఆరు సెంటీమీటర్లు, 200 మీటర్లలో పావు మీటరు ప్రక్కకు పోవును.

గుండు వేగం పెంచినచో గాలికి చిక్కదు గదా అని ఎవరికైనా తోచును. 1930 ప్రాంతంలో తూటా కంపెనీలవారికీ అట్లే తోచినది. సెకనుకు 380 మీటర్ల వేగంగల తూటాలు బజారులోనికి వచ్చినవి. వేటగాండ్రు సంతోషించిరి. గురికాండ్రు మాత్రం పలకను చూచి విస్తుపోయిరి. వేగమైన గుండు అదే గాలికి 100 మీటర్లలో ఆరుకు బదులు ఎనిమిది సెంటీమీటర్లకు పైగా జరుగుచున్నది! కారణం రాబిన్స్ చెప్పినదే. ధ్వనిని మించి బయలుదేరిన గుండు ముందు మాక్ చూపిన అల నిలిచి, దాని వేగాన్ని కబళించును. అది ముందుగా చేరునన్నమాట నిజమే. కాని తాను చేరవలసిన వేళకంటె ఆలస్యంగా చేరును. ప్రక్కజరుగుడు ఆ ఆలస్యాన్నిబట్టియే గాని చేరిన కాలాన్నిబట్టి కాదు. పైగా దారిలో ధ్వని వేగం మీదుగా దిగివచ్చేటపుడు గుండు కొంత తొట్రుపడును. అందుచేత నేటికీ గురిపోటీల తూటాలను ధ్వనికంటె తక్కువ వేగంతోనే తయారుచేయుదురు. నిదానమే ప్రధానమన్న సామెత ఈ ఒక్కచోట భౌతికశాస్త్రంగా మారినది.

ఇప్పుడు ఈ లెక్కను సికింద్రాబాదు ఎండలో పెట్టి చూడవలెను. ధ్వని వేగం గాలి వేడిమినిబట్టి మారును. జనవరి ఉదయం 15 డిగ్రీల చలిలో అది సెకనుకు 340 మీటర్లు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలలో 355 మీటర్లు. అదే 325 మీటర్ల గుండు జనవరిలో ధ్వనికి పదునైదు మీటర్ల దూరంలోనే ఉండి ఎక్కువ అడ్డుకు లోనగును. మేలో ముప్పది మీటర్ల దూరాన ఉండి కొంత సుఖంగా పోవును. ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండుటచేత గాలి ఎట్లును కొంత పలుచన. ఎండకు మరి నూటికి ఎనిమిది పాళ్లు పలుచనగును. తూటాలోని మందు వేడికి ఇంకొంత చురుకుగా మండును. ఇన్ని కారణాలు ఒకటైనపుడు చలికాలపు ఉదయం సరిచేసిన గురి ఎండాకాలపు మధ్యాహ్నం 50 మీటర్లకు పెద్దగా చెడకపోయినను, 200 మీటర్లకు పలకమీద స్పష్టంగా పైకి పోవును. వ్యాపారులు తూటా పెట్టెపై అచ్చువేసే జారుడు పట్టీలు చలిదేశాల గాలికి కట్టినవైనచో ఇక్కడివారు వాటిని నమ్మి మోసపోవుదురు. ఎవరి ఊరి పట్టీ వారు కాల్చి వ్రాసికొనవలసినదే.

ఎండ చేసే అపకారంలో ఒక ఉపకారమున్నది. కాగిన నేలపై గాలి రెపరెపలాడి ఎండమావులు లేచును. దూరదర్శినిలో చూచినచో అవి గాలి లేనపుడు నిలువుగా ఉడికినట్లు, గాలి వీచినపుడు ఆ వైపునకు వాలి పారినట్లు కనిపించును. నేర్పరియైన గురికాడు గాలిని చదువునది వాటిలోనే. కవులు అసత్యానికి ఉపమానంగా చెప్పే ఎండమావి గురికానికి నమ్మకమైన చారుడు.

మిగిలినది తూటాలోని లోపం. అంచులో మందు ఎంత సమంగా పరచుకొన్నను అన్ని తూటాలు ఒకే వేగంతో పోవు. రెండు తూటాల మధ్య సెకనుకు పది మీటర్ల తేడా ఉన్నదనుకొందము. 50 మీటర్లలో ఎత్తు తేడా ఏడెనిమిది మిల్లీమీటర్లు. 100 మీటర్లలో మూడు సెంటీమీటర్లు. 200 మీటర్లలో పదునాలుగు సెంటీమీటర్లు. పోటీ పలకలో పది గుణాలిచ్చే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లేనని గుర్తుంచుకొన్నచో 50 మీటర్లకే ఇది ఎంత ప్రమాదమో తెలియును. అందుచేత బర్మింగ్‌హాములోని ఎలీ వంటి కంపెనీలవారు తూటాలను ఒక్కొక్క ఎసరుకు వేరే సంఖ్య వేసి పరీక్షింతురు. పెద్ద పోటీలకు పోయేవారు తమ రైఫిలు ఏ సంఖ్య తూటాలను మెచ్చునో కాల్చి చూచుకొని, వేలకొలది ఒకేసారి కొనిపెట్టుకొందురు. పెండ్లిండ్లకు ఒకే మగ్గపు బట్ట తెచ్చినట్లు.

స్వతంత్ర భారతంలో ఈ చిన్న రైఫిలు మొదట చేరినది విద్యార్థుల చేతికి. 1948లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్‌లో పిల్లలు మొట్టమొదట కాల్చునది పాయింట్ 22నే. తెలుగు రాష్ట్రాల కేడెట్ కోర్‌కు ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులోనే నెలకొన్నది. అక్కడ నేర్పే దూరం 25 గజాలు. ఆ దూరంలో జారుడు అంగుళం మాత్రమే. గాలిని లెక్కించనక్కరలేదు. ఐదు గుండ్లు ఒకే గుత్తిగా పడినవా లేదా అనునదే పరీక్ష. అనగా అక్కడ నేర్చుకొనునది ఊపిరి బిగబట్టుట, మీటను కుదుపు లేకుండ నొక్కుట. దూరం అనే పాఠం ఆ పుస్తకంలో లేదు. అదే తూటా ఎదురు లేకున్న మైలుకు పైగా పోయి ప్రాణం తీయగలదని మాత్రం పిల్లలకు చెప్పవలసియున్నది. చాంద్‌మారీకి వెనుక మట్టికట్ట ఉండునది అందుకే.

పోటీలకు దేశంలో ఊతమిచ్చినది 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం. లోక్‌సభ తొలి అధ్యక్షుడైన మావలంకరు దానికి తొలి అధ్యక్షుడు. లష్కరు ప్రాంతం నుండి ఆ బాటలో చాల దూరం పోయినవాడు గగన్ నారంగ్. 1983లో చెన్నపట్నంలో పుట్టి హైదరాబాదులో పెరిగిన ఈయన, 1997లో తండ్రి కొనియిచ్చిన గాలి పిస్తోలుతో బేగంపేటలో ఇంటి పెరటిలో సాధన ఆరంభించెను. సరిగా నూరేండ్ల క్రిందట, 1897లో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది కూడ ఆ బేగంపేటలోనే. 2003లో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నారంగ్ పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో బంగారు పతకం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచెను. ఆ పోటీ నాలుగు గోడల నడుమ జరుగును. గాలి లేదు, ఎండ లేదు. పాయింట్ 22తో పండుకొని 50 మీటర్లు కాల్చే పోటీ ఆరుబయట జరుగును. అందులో ఆయనకు 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో వెండి దక్కినది. రెండేండ్ల తరువాత రియోలో పదమూడవ స్థానమే వచ్చినది. లండన్‌లో ఇదే పోటీలో బెలారుస్ దేశపు మార్టినోవ్ అరువది గుండ్లకు అరువదీ పది వలయంలో వేసి 600కు 600 తెచ్చుకొనగా, మన జయదీప్ కర్మాకర్ నాలుగవవాడై పతకం పోగొట్టుకొనెను. అంతటి ఇరుకు పోటీ అది.

1912 నుండి పెక్కు ఒలింపిక్ క్రీడలలో సాగిన ఆ పోటీ రియోతో ముగిసినది. పురుషులకు, స్త్రీలకు పోటీలు సమానం చేయుటకు ఒలింపిక్ అధికారులు దానిని తీసివేసి, స్త్రీపురుషులు జంటగా కాల్చే గాలి రైఫిలు పోటీని చేర్చిరి. సమానత్వం న్యాయమే. కాని పోయినది గాలిని చదువవలసిన పోటీ, వచ్చినది గాలి సోకని పోటీ. నిలుచుండి, మోకరిల్లి, పండుకొని మూడు భంగిమలలో కాల్చే 50 మీటర్ల పోటీ ఒక్కటే చిన్న రైఫిలుకు ఒలింపిక్స్‌లో మిగిలినది. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే అనే రైల్వే ఉద్యోగి కాంస్యం గెలిచెను. అంచు తూటా రైఫిలుతో భారతీయునికి వచ్చిన తొలి ఒలింపిక్ పతకం అది. నాటి భారత బృందానికి నాయకత్వం వహించి వెళ్లినవాడు బేగంపేట పెరటిలో గురి నేర్చిన గగన్ నారంగ్.